ప్లంబింగ్ బిల్లు 1,46,084 రూపాయలు: టేపు పట్టుకుని లైను లైనూ సరిచూసుకున్న డైరీ

శనివారం, బిల్లు చేతికొచ్చింది

పని అయిపోయింది. కింది బాత్‌రూమ్, పై బాత్‌రూమ్ రెండింట్లోనూ పాత జీఐ (జింకు పూసిన ఇనుప) పైపులు మొత్తం పీకేసి సీపీవీసీ (వేడినీళ్లు తట్టుకునే ప్లాస్టిక్) పైపులు వేశాం, రెండు గీజర్లు బిగించాం, డాబా మీద 200 లీటర్ల సోలార్ వాటర్ హీటర్ నుంచి వేడినీళ్ల లైను కిందికి దించాం. సికింద్రాబాద్‌లో సైనిక్‌పురి వైపు 1990ల్లో కట్టిన ఇల్లు మాది. జీఐ పైపుల్లో తుప్పు, బోరు నీళ్ల సున్నం కలిసి గడ్డకట్టి, కోసి చూస్తే పెన్సిల్ దూరేంత సందు కూడా లేదు. కాబట్టి ఈ ఖర్చు తప్పదని ముందే తెలుసు. ఎంత అవుతుందన్నది కూడా మేస్త్రితో వాట్సాప్‌లో రాసుకున్నాం: బాత్‌రూమ్‌కు 14,000 లేబర్ (12 పాయింట్లు, అంటే ట్యాపో గీజరో తగిలించే నీళ్ల కనెక్షన్లు; పైపు కోసం గోడలో గాడి కొట్టడంతో సహా), డాబా లైను అడుగుకు 40 రూపాయలు, గీజర్ బిగింపు ఒక్కోటి 750, సోలార్ కనెక్షన్ 3,500, మెటీరియల్ షాపు బిల్లు ప్రకారం. మొత్తం 84,000 దాకా అవుతుందని ఆయనే చెప్పాడు. 50,000 అడ్వాన్స్ యూపీఐలో ఇచ్చేశాం.

ఈరోజు వచ్చిన బిల్లు ఇది, ఉన్నది ఉన్నట్టు ఎక్కిస్తున్నా:

రెండు బాత్‌రూమ్‌ల లేబర్: 28,000
డాబా లైను 260 అడుగులు: 10,400
గీజర్లు రెండు: 1,500
సోలార్ కనెక్షన్: 3,500
ఎక్స్‌ట్రా పాయింట్లు తొమ్మిది: 10,800
గాడి కొట్టడం, మట్టి ఎత్తడం: 6,000
మెటీరియల్: 63,600
జీఎస్టీ 18 శాతం: 22,284
మొత్తం: 1,46,084

ఇంకా 96,084 ఇవ్వాలట. మేస్త్రి గుమ్మం దగ్గరే నిలబడి "నేను ఎక్కువేం వెయ్యలే మేడం, పని పెరిగింది, బిల్లు పెరిగింది. సోమవారం పోరగాళ్లకు కూలి ఇయ్యాలె" అన్నాడు. పని చేసిన కుర్రాళ్లు ముగ్గురూ పొద్దున ఎనిమిదింటికి వచ్చి చీకటి పడేదాకా గోడలు కొట్టినవాళ్లే, వాళ్ల కూలి ఈ గొడవలో ఇరుక్కోవడం నాకు అస్సలు ఇష్టం లేదు. అందుకే వెంటనే ఇంకో 20,000 పంపించాను, యూపీఐ నోట్‌లో "బాత్‌రూమ్ లేబర్ కింద, మిగతా బిల్లు సరిచూసుకున్నాక" అని రాసి. డబ్బు మొత్తం ఆపేస్తే అవతలివాళ్లకు కోపం, మొత్తం ఇచ్చేస్తే మన మాట వినడానికి ఇక ఎవరూ రారు. పేచీ లేని భాగం వెంటనే ఇచ్చేసి, పేచీ ఉన్నదాని గురించి మాత్రమే మాట్లాడటం మంచిదనిపించింది.

ఆదివారం, డాబా మీద

260 అడుగులు ఎక్కడి నుంచి వచ్చాయో అర్థం కాలేదు. మా డాబా పొడవే 42 అడుగులు. తమ్ముడు టేపు ఒక చివర పట్టుకున్నాడు, నేను రెండో చివర. ఓవర్‌హెడ్ ట్యాంక్ నుంచి సోలార్ ట్యాంక్‌కు చల్లనీళ్ల లైను, సోలార్ నుంచి పిట్టగోడ వెంట వెళ్లి కిందికి దిగే వేడినీళ్ల లైను, ఎల్బోలు, టీలు వచ్చిన చోట వాటి మధ్య గీత మీదుగా, ఏదీ వదలకుండా కొలిస్తే 168 అడుగులు వచ్చింది. మళ్లీ కొలిచినా అంతే.

దీన్ని సరిచూసుకోవడానికి ఇంకో దారి ఉంది, అది ఆయన బిల్లులోనే ఉంది. డాబా మీద వేసిందంతా అంగుళం పైపు, లోపల బాత్‌రూమ్‌లలో ముప్పావు అంగుళం. మెటీరియల్ చీటీలో అంగుళం పైపులు 18 అని రాశాడు. సీపీవీసీ పైపు ఒకటి మూడు మీటర్లు, అంటే 18 పైపులు కలిపి 54 మీటర్లు, 177 అడుగులు. 177 అడుగుల పైపు కొని 260 అడుగుల లైను వేయడం ఎవరివల్లా కాదు. 168 లైను, మిగతా తొమ్మిది అడుగులు కోతల్లో పోయిన ముక్కలు. ఆ ముక్కలు ఇంకా మెట్ల కింద మూటలో ఉన్నాయి, ఫోటో తీసుకున్నాను.

పైపు మీద రాసింది చదవడం కూడా ఇక్కడే మొదలైంది. ప్రతి పైపు మీదా కంపెనీ పేరు, సైజు, ఐఎస్ 15778 అనే ప్రమాణం నంబరు, బ్యాచ్, ఎస్‌డీఆర్ ఎంతో వరసగా ప్రింట్ అయి ఉంటుంది. బిల్లులో ఎస్‌డీఆర్ 11. డాబా మీది పైపు మీద ఎస్‌డీఆర్ 13.5. పైపు బయటి వ్యాసాన్ని గోడ మందంతో భాగిస్తే వచ్చేది ఎస్‌డీఆర్, కాబట్టి అంకె తక్కువైతే పైపు మందం ఎక్కువ, ధర కూడా ఎక్కువ. అంగుళం సీపీవీసీ బయటి వ్యాసం 28.6 మిల్లీమీటర్లు, 11 రకానికి గోడ 2.6 మిల్లీమీటర్లు ఉండాలి, 13.5 రకానికి 2.1 చాలు.

తమ్ముడు అక్కడికక్కడే "పీకించేద్దాం అక్కా, మోసం ఇది" అన్నాడు. నేను ఒప్పుకోలేదు. మనది ట్యాంక్ నుంచి దానంతటదే దిగే నీళ్లు, ప్రెషర్ పంపు లేదు. పది మీటర్ల ఎత్తుకు ఒక కిలో (చదరపు సెంటీమీటరుకు) ప్రెషర్ చొప్పున చూసుకున్నా మా రెండంతస్తుల ఇంట్లో ఒక కిలో దాటదు. 13.5 పైపు 82 డిగ్రీల వేడి దగ్గర కూడా అయిదు కిలోలకు పైగా తట్టుకుంటుంది. కాబట్టి వేసిన పైపు ఉండనీ, కానీ ఏ పైపు వేశారో ఆ పైపు డబ్బులే ఇస్తాం. ఈ తేడా ముఖ్యం. పని చెడిపోవడం వేరు, బిల్లు తప్పు కావడం వేరు, రెండూ కలిపి అరిస్తే అవతలివాళ్లు రెండో దాని నుంచి కూడా తప్పించుకుంటారు.

సోమవారం, పాయింట్ల లెక్క

తొమ్మిది ఎక్స్‌ట్రా పాయింట్లు అన్నాడు. టైల్స్ వేయకముందు ప్రతి గోడకూ ఫోటోలు తీసి పెట్టుకున్నాను, రేపు ఎప్పుడైనా మేకు కొట్టాలంటే పైపు ఎక్కడుందో తెలియాలని. అవి ఇప్పుడు ఇలా పనికొచ్చాయి.

మేం నిజంగా అడిగి చేయించుకున్నవి నాలుగు: వాషింగ్ మెషీన్ ట్యాప్, బాల్కనీ ట్యాప్, వంటింట్లో ఆర్వో కనెక్షన్, పై బాత్‌రూమ్‌లో రెండో యాంగిల్ కాక్. వీటికి రేటు ముందు మాట్లాడుకోలేదు నిజమే, కానీ చేయించుకున్నాం, వాడుకుంటున్నాం, కాబట్టి ఇవ్వాల్సిందే. 1872 నాటి కాంట్రాక్ట్ చట్టం 70వ సెక్షన్ చెప్పేది కూడా ఇదే, ఉచితంగా చేసే ఉద్దేశం లేకుండా చేసిన పని వల్ల లాభం పొందినవాళ్లు దానికి తగిన ప్రతిఫలం ఇవ్వాలి. 14,000 ను 12 పాయింట్లతో భాగిస్తే ఒక్కోటి 1,166 పడుతుంది, ఆయన 1,200 వేశాడు. న్యాయంగానే ఉంది, నాలుగుకీ 4,800 ఒప్పుకుంటున్నాను.

మిగతా అయిదింటిలో నాలుగు గీజర్ ఇన్‌లెట్, అవుట్‌లెట్లు. ఇవి మొదటి 12 పాయింట్ల జాబితాలోనే ఉన్నాయి, ఆయన చేత్తో పంపిన మెసేజ్‌లో. అయిదోది కింది బాత్‌రూమ్ వాల్ మిక్సర్, వేడినీళ్లు, చల్లనీళ్లు కలిపి ఇచ్చే ట్యాపు. దాన్ని మొదట నేల నుంచి రెండడుగుల ఎత్తులోపే పెట్టేశాడు, బకెట్ పట్టదు. అత్తయ్య చూసి చెప్పాక మళ్లీ కొట్టి పైకి జరిపారు. ఒకసారి తప్పు ఎత్తులో పెట్టి, సరిచేసినందుకు ఇంకో పాయింటు డబ్బులు అడగడం సబబు కాదు.

గాడి కొట్టడం లేబర్‌లోనే కలిసి ఉందని రాసుకున్నాం. మట్టి ఎత్తించడం మాత్రం రాసుకోలేదు, రెండు ఆటోల మట్టి పోయింది, దానికి 2,000 సరిపోతుంది.

మంగళవారం, మెటీరియల్ చీటీ, రాణీగంజ్

"షాపు బిల్లు" అని ఇచ్చింది ఒక ఎస్టిమేట్ కాగితం. షాపు పేరు లేదు, జీఎస్టీ నంబరు లేదు, తేదీ లేదు. అదే జాబితా తీసుకుని సికింద్రాబాద్ రాణీగంజ్‌లో పైపుల షాపులకు వెళ్లి కొటేషన్ అడిగాను. ఎవరూ విసుక్కోలేదు, ఒక షాపాయన అయితే పక్కన కూర్చోబెట్టి లైను లైనూ చూసి, చీటీలో ఉన్నవన్నీ కంపెనీ లిస్ట్ ప్రైస్‌లు అని తేల్చాడు. పైపులు, ఫిట్టింగులు లిస్ట్ ప్రైస్‌కు ఎవరూ కొనరు, దాని మీద డిస్కౌంట్ ఇవ్వడం ఈ వ్యాపారంలో మామూలే, మామూలు కస్టమర్‌కు కూడా ఇస్తారు. మేస్త్రికి కొంత మిగలడంలో తప్పు లేదు, ఆయన టైము పెట్టి తెచ్చాడు. కానీ మా మాట "షాపు బిల్లు ప్రకారం" అని.

ఇంట్లో కన్సీల్డ్ వాల్వ్‌లు (గోడ లోపల దాచి బిగించేవి) లెక్కపెడితే నాలుగు. చీటీలో ఆరు, ఒక్కోటి 1,450. ఖాళీ డబ్బాలు కూడా నాలుగే దొరికాయి.

మొత్తం కలిపితే మెటీరియల్‌లో తగ్గాల్సింది ఇలా వచ్చింది: వాల్వ్‌లు రెండు 2,900, ఎస్‌డీఆర్ తేడా 4,300, లిస్ట్ ప్రైస్ తేడా 7,500. అంటే 14,700. 63,600 కాస్తా 48,900 అవుతుంది.

అదే రోజు రాత్రి, జీఎస్టీ

22,284 రూపాయలు. బిల్లులో అన్నిటికంటే నన్ను బాధపెట్టిన లైను ఇది, ఎందుకంటే దీన్ని చాలామంది నోరెత్తకుండా కట్టేస్తారు, ప్రభుత్వానికి పోతుంది కదా అని. జీఎస్టీ వసూలు చేయాలంటే రిజిస్ట్రేషన్ ఉండాలి, బిల్లు మీద 15 అక్షరాల జీఎస్టీ నంబరు ఉండాలి. తెలంగాణలో రిజిస్టర్ అయితే అది 36 తో, ఆంధ్రప్రదేశ్‌లో అయితే 37 తో మొదలవుతుంది, జీఎస్టీ పోర్టల్‌లో ఆ నంబరు కొడితే పేరు, స్థితి వచ్చేస్తాయి, లాగిన్ కూడా అక్కర్లేదు. మా బిల్లు మీద నంబరే లేదు. రిజిస్టర్ కానివాళ్లు పన్ను పేరుతో డబ్బు వసూలు చేయకూడదని సీజీఎస్టీ చట్టం 32వ సెక్షన్ చెబుతోంది. కాంపోజిషన్ స్కీములో (చిన్న వ్యాపారులు అమ్మకాల మీద తక్కువ శాతం పన్ను కట్టే పద్ధతి) ఉన్నవాళ్లు కూడా కస్టమర్ దగ్గర విడిగా పన్ను తీసుకోకూడదు.

రిజిస్టర్ అయిన కాంట్రాక్టర్ అయి, సరైన ట్యాక్స్ ఇన్‌వాయిస్ ఇచ్చి 18 శాతం వేస్తే అది సరైనదే, అప్పుడు కట్టాల్సిందే. ఇక్కడ అలా కాదు. పైగా మెటీరియల్ ధరలో షాపు వేసిన జీఎస్టీ ముందే కలిసి ఉంది, దాని మీద మళ్లీ 18 శాతం వేశారు. ఎమ్మార్పీ ముద్రించిన ఫిట్టింగులకైతే ఇది ఇంకా స్పష్టం, ఎమ్మార్పీ అంటేనే అన్ని పన్నులూ కలుపుకున్న ధర. ఈ లైను మొత్తం పోవాలి.

బుధవారం, డాబా తడిసిపోయింది

బిల్లు సంగతి అలా ఉండగా పొద్దున మోటార్ వేసి ట్యాంక్ నింపితే సోలార్ దగ్గర నిలువుగా ఉన్న పైపు లోంచి నీళ్లు పొంగి డాబా అంతా పారాయి. అది వెంట్ పైపు. సోలార్ ట్యాంక్‌లో ఆవిరి, గాలి బయటికి పోవడానికి పెడతారు. ఓవర్‌హెడ్ ట్యాంక్, సోలార్ ట్యాంక్ పైపుతో కలిసి ఉన్నాయి కాబట్టి ఓవర్‌హెడ్‌లో నీళ్లు ఎంత ఎత్తుకు ఉంటే వెంట్ పైపులోనూ అంత ఎత్తుకు వస్తాయి, అందుకే వెంట్ చివర ట్యాంక్ మూత కంటే పైకి ఉండాలి. మాది మూత కంటే జానెడు కిందికి ఉంది. ట్యాంక్ నిండిన ప్రతిసారీ కాగిన నీళ్లు పోతాయి.

ఎదురింటివాళ్లు "క్యాప్ పెట్టేయండి, ఆగిపోతుంది" అన్నారు. అది మాత్రం ఎవరూ చేయకండి. వెంట్ మూస్తే ఎండాకాలంలో ఆవిరి పోయే దారి ఉండదు, ట్యాంక్ ఉబ్బి పగిలే ప్రమాదం ఉంది. పైపు పొడవు పెంచడమే పరిష్కారం. సోలార్ కనెక్షన్ 3,500 ఇది సరిచేశాకే అని రాసుకున్నాను.

గీజర్ సేఫ్టీ వాల్వ్ దగ్గర చుక్కలు పడుతున్నాయని అత్తయ్య కంగారుపడ్డారు. అది లీకేజీ కాదు, నీళ్లు వేడెక్కి వ్యాకోచిస్తే ఆ వాల్వ్ కొంచెం వదులుతుంది. దాన్ని ఫిర్యాదుల జాబితాలో పెట్టలేదు.

గురువారం, ఎం-బుక్ పద్ధతి

పక్కింటి అంకుల్ ఇంజనీరుగా ప్రభుత్వ పనులు చూసి రిటైర్ అయ్యారు. నా కాగితాలు చూసి, "అమ్మా, లెక్క బాగుంది కానీ ఇది నీ లెక్క. ఆయన ముందు కొలువు, ఆయన చేత సంతకం పెట్టించు" అన్నారు. ప్రభుత్వ పనుల్లో మెజర్‌మెంట్ బుక్ అని ఉంటుంది, ఎం-బుక్ అంటారు, అందులో కొలత ఎక్కి సంతకం పడనిదే బిల్లు కదలదు. నేను ఇంతవరకు చేసిందంతా వాదనకు సిద్ధమవడం. వాదన అక్కర్లేకుండా చేసే మార్గం ఇది.

మేస్త్రికి ఫోన్ చేసి, "అన్నా, మీరు, నేను కలిసి ఒక్కసారి కొలుద్దాం, ఎంత వస్తే అంత ఇస్తాను" అన్నాను. కోపంగా ఉన్నాడు. ఇయ్యకపోతే మనుషుల్ని తీసుకొని వస్తా అని కూడా అన్నాడు, ఆ మాటకు ఇంట్లో అందరికీ టెన్షన్ పట్టుకుంది. ఒకవేళ రాకపోతే ఏం చేయాలో కూడా ఆ రాత్రే సిద్ధం చేసుకున్నాను: మొదట రాతపూర్వకంగా నోటీసు, తర్వాత జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915, అదీ కాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మనం ఉండే జిల్లాలోనే కేసు వేయొచ్చు, రెండేళ్ల గడువు ఉంటుంది, చెల్లించిన మొత్తం 5 లక్షల లోపు అయితే ఫీజు లేదు, లాయర్ తప్పనిసరి కాదు. బిల్లు ఇవ్వకుండా దాటవేయడం కూడా ఆ చట్టంలో అనుచిత వ్యాపార పద్ధతి కిందికే వస్తుంది. ఇవన్నీ ఆయనకు బెదిరింపుగా పంపలేదు. నా దగ్గర దారి ఉందని నాకు తెలిస్తే చాలు, గొంతు దానంతటదే స్థిమితంగా ఉంటుంది.

శనివారం, కలిసి కొలిచాం

వచ్చాడు, ఒక కుర్రాడిని తీసుకుని. అంకుల్ నోట్‌బుక్ పట్టుకుని కూర్చున్నారు, టేపు ఒక చివర మేస్త్రి చేతికే ఇచ్చాను. డాబా లైను 168 అడుగులే వచ్చింది. మేస్త్రి కాసేపు పైపు వంక చూసి, "పోరగాడు రాసిండు మేడం, నేను చూడలే" అన్నాడు. అవునో కాదో నేను తవ్వలేదు. 6,720 అని రాసుకుని ఇద్దరం సంతకం పెట్టాం. ఎస్‌డీఆర్ గురించి పైపు మీది అక్షరాలు చూపించాక మాట్లాడలేదు. వాల్వ్‌లు లెక్కపెట్టుకున్నాడు, నాలుగు. వాల్ మిక్సర్ దగ్గర మాత్రం గట్టిగానే వాదించాడు, ఓనర్లు పక్కనే ఉన్నారు కదా అప్పుడే చెప్పాల్సింది అని. ఎత్తు ఎంత ఉండాలో మేస్త్రికి తెలియాలి కానీ ఇంట్లో పెద్దావిడకు కాదు కదా అని అంకుల్ అన్నారు. జీఎస్టీ లైను దగ్గర నంబరు అడిగాను. లేదన్నాడు. గీత కొట్టేశాడు.

ఆయన చెప్పినవాటిలో ఒకటి నేను లెక్కలోకి తీసుకోలేదు: షాపు నుంచి మెటీరియల్ తెచ్చిన ఆటో. రసీదు చూపించాడు, 1,200. అది ఇవ్వాల్సిందే. నా లెక్క 95,420, ఆటోతో కలిపి 96,620. మెటీరియల్ కోసం తిరిగినందుకు ఇంకొంత అడిగాడు, 98,000 దగ్గర ఆగాం. ఆ 1,380 మీద నాకు పట్టింపు లేదు, అది నిజంగా ఆయన తిరిగిన తిరుగుడుకి.

70,000 ముందే ఇచ్చాం కాబట్టి మిగిలింది 28,000. 24,500 అక్కడే పంపించాను. 3,500 వెంట్ పైపు సరిచేశాక. కాగితం మీద మూడు మాటలు రాయించుకున్నాను: మొత్తం 98,000 కు ఒప్పందం, ఇప్పటివరకు ముట్టింది 94,500, కన్సీల్డ్ జాయింట్లలో ఏడాది లోపు లీకేజీ వస్తే లేబర్ ఉచితం. పాత బిల్లు మీద అడ్డగీత కొట్టి, ఇది రద్దు అని ఇద్దరం సంతకాలు చేశాం.

వెళ్లేముందు కుర్రాడు మెట్ల కింద ఉన్న పైపు ముక్కలు తీసుకెళ్లొచ్చా అని అడిగాడు, ఇచ్చేశాను.

ఆ తర్వాతి బుధవారం

వెంట్ పైపు పొడిగించారు, ఇప్పుడు ట్యాంక్ మూత కంటే అడుగున్నర పైన ఉంది. మోటార్ వేసి ట్యాంక్ పొర్లేదాకా నింపి చూశాం, చుక్క కూడా పడలేదు. 3,500 పంపించాను, "ముట్టింది, బాకీ లేదు" అని మెసేజ్ వచ్చింది, దాన్ని బిల్లు ఫోటోలతో కలిపి ఒకే ఫోల్డర్‌లో పెట్టాను.

డాబా మీది వేడినీళ్ల లైనుకు ఇంకా ఇన్సులేషన్ తొడగలేదు, ఎండ తగిలే చోట సీపీవీసీకి కనీసం రంగైనా వేయాలి. వచ్చేవారం ఆ పని. ఈసారి అడుగుకు ఎంతో, ఎన్ని అడుగులో ముందే కొలిచి ఇద్దరం సంతకాలు చేసుకున్నాకే మొదలుపెడతాం. చేసేది మాత్రం ఆ మేస్త్రే.